అభిరుచి, వ్యాపారం (ఆదాయపు పన్ను)

అభిరుచి, వ్యాపారం అనే రెంటికీ మధ్య గల తేడా ఆదాయపు పన్ను విషయంలో తరచుగా ఎదురయ్యే ఒక ప్రశ్న. ఆనందం కోసం, కాలక్షేపం కోసం చేసే పనిని అభిరుచి (హాబీ) అనీ, లాభం ఉద్దేశించి క్రమపద్ధతిలో చేసే పనిని వ్యాపారం అనీ లోకవ్యవహారంలో అంటారు. తేనెటీగల పెంపకం, మొక్కల పెంపకం, వెదురు అల్లికలు, ఛాయాచిత్రకళ, సంగీతం, బోధన వంటివి మొదట అభిరుచిగా ప్రారంభమై క్రమంగా రాబడినిచ్చే పనులుగా మారుతుంటాయి. ఎప్పటి వరకు అది అభిరుచి, ఎప్పటి నుండి అది వ్యాపారం అన్నదానిని బట్టి పన్ను లెక్క, ఖర్చుల మినహాయింపు, నష్టాల సర్దుబాటు, దాఖలు చేయవలసిన పత్రాలు మారతాయి.

ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు వంటి ప్రాంతాలలో ఈ ప్రశ్నతో పాటు మరొక ప్రశ్న కూడా చేరుతుంది. అమ్మిన వస్తువు సాగు చేసినదా, లేక అడవిలో దానంతట అది పెరిగినదా అన్నది ఆ ప్రశ్న. ఈ వ్యాసంలో రెండు ప్రశ్నలూ వివరించబడినవి.

చట్టంలో అభిరుచి

భారతదేశపు ఆదాయపు పన్ను చట్టం, 1961లో అభిరుచికి నిర్వచనం లేదు. వ్యాపారానికి మాత్రం సెక్షన్ 2(13)లో నిర్వచనం ఉంది. దాని ప్రకారం వర్తకం, వాణిజ్యం, వస్తువుల తయారీతో పాటు, వాటి స్వభావం గల ఏ ప్రయత్నమైనా వ్యాపారమే అవుతుంది. కనుక ఒకే ఒక్కసారి జరిపిన కొనుగోలు, అమ్మకం కూడా వర్తక స్వభావం కలిగి ఉంటే వ్యాపారం కిందికి రావచ్చును.

1961 చట్టం స్థానంలో ఆదాయపు పన్ను చట్టం, 2025 వచ్చింది. ఇది 2026 ఏప్రిల్ 1 నుండి వర్తిస్తుంది. కొత్త చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారాయి. "గత సంవత్సరం", "మదింపు సంవత్సరం" అనే రెండు మాటలకు బదులుగా "పన్ను సంవత్సరం" అనే ఒకే మాట వాడుకలోకి వచ్చింది. అయితే ఈ వ్యాసంలో చెప్పిన మూలసూత్రాలు మారలేదు. పాత తీర్పులన్నీ పాత సంఖ్యలనే పేర్కొంటాయి కాబట్టి ఇక్కడ కూడా 1961 చట్టపు సెక్షన్లే ఇవ్వబడినవి.

అభిరుచికి నిర్వచనం లేదంటే అభిరుచి ద్వారా వచ్చిన డబ్బుకు పన్ను లేదని అర్థం కాదు. వేతనం, ఇంటి ఆస్తి, వ్యాపారం లేదా వృత్తి, మూలధన లాభాలు, ఇతర ఆధారాలు అని ఆదాయానికి ఐదు శీర్షికలు ఉన్నాయి. మొదటి నాలుగింటిలో ఇమడని ఆదాయం ఐదవదైన "ఇతర ఆధారాలు" కిందికి వస్తుంది. కాబట్టి ప్రశ్న "పన్ను ఉందా, లేదా" అన్నది కాదు, "ఏ శీర్షిక కింద" అన్నది. అప్పుడప్పుడు అనుకోకుండా వచ్చే రాబడికి సెక్షన్ 10(3) కింద ఒకప్పుడు ఏడాదికి రూ. 5,000 వరకు మినహాయింపు ఉండేది. 2002 నాటి ఆర్థిక చట్టం దానిని తొలగించింది.

తేడా వలన కలిగే ఫలితాలు

ఖర్చులు: వ్యాపారమైతే దానికై చేసిన ఖర్చులు, పనిముట్ల తరుగుదల ఆదాయం నుండి తీసివేయవచ్చును. ఇతర ఆధారాల కింద అయితే కేవలం ఆ ఆదాయాన్ని సంపాదించడం కోసమే చేసిన ఖర్చు మాత్రమే తీసివేయాలి. అయితే ఆ సంవత్సరం ఆదాయం నిజంగా వచ్చి తీరాలన్న నియమం లేదని సుప్రీం కోర్టు రాజేంద్ర ప్రసాద్ మూడీ కేసులో (1978) చెప్పింది. సొంత సరదాకు చేసిన ఖర్చు ఏ శీర్షిక కిందనూ చెల్లదు.

నష్టాలు: వ్యాపార నష్టాన్ని అదే సంవత్సరపు వడ్డీ, అద్దె వంటి ఇతర ఆదాయాలలో సర్దుబాటు చేసుకోవచ్చును. మిగిలిన నష్టాన్ని, రిటర్ను గడువులోగా దాఖలు చేస్తే, తరువాతి 8 సంవత్సరాల వ్యాపార లాభాలలో సర్దుకోవచ్చును. అయితే వ్యాపార నష్టాన్ని వేతనంలో సర్దుబాటు చేసే వీలు లేదు. పదవీ విరమణ చేసిన ఉద్యోగి పింఛను కూడా వేతనం కిందికే వస్తుంది. కనుక తోటపనిలో నష్టం చూపి పింఛనుపై పన్ను తగ్గించుకోవడం సాధ్యం కాదు. భర్త లేదా భార్య మరణానంతరం వచ్చే కుటుంబ పింఛను మాత్రం ఇతర ఆధారాల కిందికి వస్తుంది కాబట్టి దానికి ఈ అడ్డంకి లేదు.

ముందస్తు పన్ను: 60 సంవత్సరాలు నిండిన, భారతదేశంలో నివాసి అయిన వ్యక్తికి వ్యాపార లేదా వృత్తి ఆదాయం లేనట్లయితే ముందస్తు పన్ను వాయిదాలు కట్టవలసిన పని లేదు. అభిరుచిని వ్యాపారంగా చూపిన మరుక్షణం ఈ సౌకర్యం పోతుంది. కట్టవలసిన పన్ను రూ. 10,000 లేదా అంతకు మించితే వాయిదాలు తప్పవు. తప్పితే వడ్డీ పడుతుంది. పెద్దవారు చాలామంది గమనించని విషయమిది.

పన్ను విధానం ఎంపిక: 2023-24 ఆర్థిక సంవత్సరం నుండి కొత్త పన్ను విధానమే సహజ విధానంగా ఉన్నది. వ్యాపార ఆదాయం లేనివారు పాత, కొత్త విధానాలలో ఏది లాభమో చూసుకొని ప్రతి సంవత్సరం ఎంచుకోవచ్చును. వ్యాపార ఆదాయం ఉన్నవారు ఒకసారి పాత విధానానికి వెళ్ళి తిరిగి కొత్త విధానానికి వస్తే, ఆ వ్యాపారం ఉన్నంతకాలం మళ్ళీ పాత విధానానికి పోలేరు.

రిటర్ను పత్రం: వేతనం, వడ్డీ మాత్రమే గలవారికి సరిపోయే సరళమైన పత్రం వ్యాపార ఆదాయం గలవారికి చెల్లదు. చిన్న వ్యాపారులకు సెక్షన్ 44ఎడి కింద ఒక సులభ పద్ధతి ఉన్నది. మొత్తం అమ్మకాలు రూ. 2 కోట్ల లోపు ఉంటే అందులో 8 శాతాన్ని (బ్యాంకు ద్వారా గాని, డిజిటల్ పద్ధతిలో గాని వచ్చిన మొత్తానికి 6 శాతాన్ని) లాభంగా చూపవచ్చును. నగదు రూపంలో వచ్చినది 5 శాతం మించనివారికి ఈ పరిమితి రూ. 3 కోట్లు. ఈ పద్ధతిలో పద్దు పుస్తకాలు అక్కరలేదు గాని, నష్టం చూపే అవకాశం కూడా లేదు.

దీనిని బట్టి వ్యాపారం అనిపించుకోవడం ఒకరికి లాభం, మరొకరికి భారం కావచ్చునని తెలుస్తుంది. అయితే ఆ ఎంపిక మనిషి ఇష్టాన్ని బట్టి ఉండదు, పని స్వభావాన్ని బట్టి ఉంటుంది.

ముఖ్యమైన తీర్పులు

నారాయణ్ స్వదేశీ వీవింగ్ మిల్స్ కేసు (1954): వ్యాపారం అనే మాటకు నిజమైన, గణనీయమైన, ఒక ఉద్దేశంతో క్రమబద్ధంగా సాగే కార్యకలాపం అని సుప్రీం కోర్టు అర్థం చెప్పింది. అప్పటి నుండి క్రమబద్ధత అనేది ప్రధాన లక్షణంగా పరిగణించబడుతున్నది.

జి. వెంకటస్వామి నాయుడు అండ్ కంపెనీ కేసు (1958): కోయంబత్తూరులోని జనార్దన మిల్లుకు మేనేజింగ్ ఏజెంటుగా ఉన్న ఈ సంస్థ, మిల్లును ఆనుకొని ఉన్న నాలుగు స్థలాలను విడతలుగా కొని, 1947లో అదే మిల్లుకు ఎక్కువ ధరకు అమ్మింది. మధ్యకాలంలో ఆ భూమిని సాగుకు గాని, మరొక పనికి గాని ఉపయోగించలేదు. కొన్నప్పుడే అమ్మే ఉద్దేశం ఉన్నదని భావించి సుప్రీం కోర్టు దీనిని వర్తక స్వభావం గల ప్రయత్నంగా నిర్ణయించింది. దీనికి ఏదో ఒక్క గీటురాయి లేదనీ, అన్ని పరిస్థితులనూ కలిపి చూడాలనీ ఈ తీర్పు స్పష్టం చేసింది.

పి. కృష్ణ మీనన్ కేసు (1958): తిరువాన్కూరు సంస్థానంలో పోలీసు అధికారిగా పదవీ విరమణ చేసిన కృష్ణ మీనన్ శిష్యులకు వేదాంతం బోధించేవారు. ఆయన రుసుము అడగలేదు. ఇంగ్లండు నుండి వచ్చిన లెవీ అనే శిష్యుడు తనంతట తానుగా ఆయనకు పెద్ద మొత్తాలు సమర్పించాడు. ఇవి ప్రేమతో ఇచ్చిన కానుకలని వాదన. వేదాంత బోధన కూడా ఒక వృత్తే అనీ, లాభాపేక్ష లేకపోయినా వృత్తి వృత్తి కాకుండా పోదనీ, ఆ బోధన వల్లనే ఆ సొమ్ము వచ్చింది కనుక అది ఆదాయమేననీ సుప్రీం కోర్టు నిర్ణయించింది.

మూడవ తీర్పు మిగతా రెంటికంటె ఎక్కువగా గుర్తుంచుకోదగినది. "నేను లాభం కోసం చేయడం లేదు" అనే ఒక్క మాట పన్ను నుండి కాపాడదని ఇది తెలుపుతున్నది. పదవీ విరమణ తరువాత పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయుడు రుసుము నిర్ణయించకపోయినా, తల్లిదండ్రులు చదువు చెప్పినందుకు ఇచ్చే సొమ్ము ఆదాయమే అవుతుంది. చదువుతో సంబంధం లేకుండా, వ్యక్తి మీది అభిమానంతో మాత్రమే ఇచ్చినది కానుక అవుతుంది. బంధువులు కానివారి నుండి వచ్చిన నగదు కానుకలు ఏడాదిలో మొత్తం రూ. 50,000 మించితే అవి కూడా ఇతర ఆధారాల కింద పన్నుకు లోబడతాయి.

గుర్తించే లక్షణాలు

పై తీర్పులను బట్టి, మదింపు అధికారులు సాధారణంగా చూసే విషయాలు ఇవి.

1. పని ఎంత తరచుగా, ఎంత క్రమంగా జరుగుతున్నది.
2. వస్తువును కొన్నప్పుడు లేదా తయారు చేసినప్పుడు అమ్మే ఉద్దేశం ఉన్నదా, లేక వాడుకొనే ఉద్దేశం ఉన్నదా.
3. అమ్మకానికి అనువుగా వస్తువును శుద్ధి చేయడం, సీసాలలో నింపడం, పేరు పెట్టడం జరిగిందా.
4. అంగడి, ప్రకటన, ధరల పట్టిక, పనివారు, అప్పు వంటి ఏర్పాట్లు ఉన్నాయా.
5. లెక్కలు వ్రాస్తున్నారా, వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా ఉన్నదా.
6. నష్టం వచ్చినప్పుడు పద్ధతి మార్చుకొంటున్నారా, లేక నష్టాన్ని పట్టించుకోకుండా కొనసాగిస్తున్నారా.
7. సొంత వాడుకకు, సరదాకు ఎంత భాగం పోతున్నది.

వీటిలో ఏ ఒక్కటీ నిర్ణాయకం కాదు. ఉదాహరణకు, శ్రీరామనవమి నాడు భద్రాచలంలో అమ్మడం కోసమే సరుకు కొని తెచ్చి ఒక్కరోజు అమ్మినా అది వ్యాపారమే. అదే వ్యక్తి ఇరవై ఏళ్ళుగా పోగుచేసిన తపాలా బిళ్ళలను అవసరానికి ఒకసారి అమ్మితే అది వ్యాపారం కాకపోవచ్చును.

ఖమ్మం - భద్రాచలం అటవీ సరిహద్దు

ఖమ్మం జిల్లా 1953లో వరంగల్లు జిల్లా నుండి ఏర్పడింది. 1959లో తూర్పు గోదావరి జిల్లాకు చెందిన భద్రాచలం, నూగూరు తాలూకాలు ఇందులో చేరాయి. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడినప్పుడు పోలవరం ప్రాజెక్టు కారణంగా చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మొదలైన మండలాలు ఆంధ్ర ప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉండిపోయింది. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడి భద్రాచలం అందులో భాగమయింది. పట్టణాన్ని ఆనుకొని ఉన్న ఎటపాక ఆంధ్ర ప్రదేశ్‌లో ఉంది. కోయలు, కొండరెడ్లు ఈ ప్రాంతపు ముఖ్యమైన ఆదివాసీ జాతులు.

ఇక్కడి ప్రజల రాబడిలో పొలం, పెరడు, అడవి మూడూ కలిసి ఉంటాయి. ఈ మూడింటి మీదా పన్ను నియమాలు ఒకటి కావు.

సాగు, అడవి

వ్యవసాయ ఆదాయానికి కేంద్ర ఆదాయపు పన్ను లేదు. రాజ్యాంగం ప్రకారం వ్యవసాయ ఆదాయంపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలది. తెలంగాణ, ఆంధ్ర ప్రదేశ్ రెండూ అటువంటి పన్ను వేయడం లేదు. కాబట్టి ఒక రాబడి వ్యవసాయ ఆదాయమని తేలితే, అది అభిరుచా, వ్యాపారమా అన్న ప్రశ్నకు చాలావరకు అవసరమే ఉండదు. అయితే వ్యవసాయ ఆదాయం రూ. 5,000 మించి, ఇతర ఆదాయం కూడా పన్ను పరిమితి దాటితే, పన్ను రేటు నిర్ణయించడానికి మాత్రం రెండింటినీ కలిపి లెక్కిస్తారు.

ఏది వ్యవసాయం అన్నదానికి రాజా వినయ కుమార్ సహాస్ రాయ్ కేసు (1957) ప్రమాణంగా ఉన్నది. ఇది బెంగాలులోని ఒక అడవి నుండి వచ్చిన కలప ఆదాయానికి సంబంధించినది. భూమిని దున్నడం, విత్తడం, నాటడం వంటి మౌలికమైన పనులు మనిషి చేసి ఉంటేనే అది వ్యవసాయమనీ, కలుపు తీయడం, కొమ్మలు నరకడం, కాపలా కాయడం వంటి తరువాతి పనులు మాత్రమే చేస్తే చాలదనీ సుప్రీం కోర్టు చెప్పింది. పశువుల పెంపకం, పాడి, కోళ్ళ పెంపకం భూమితో ముడిపడిన పనులైనా వ్యవసాయం కావని కూడా ఈ తీర్పులో ఉన్నది.

ఈ సూత్రాన్ని స్థానిక ఉదాహరణలకు ఇలా అన్వయించవచ్చును.

జామాయిల్, సుబాబుల్: భద్రాచలానికి గోదావరి ఆవలి ఒడ్డున గల సారపాకలో ఐ.టి.సి. కాగితపు కర్మాగారం ఉన్నది. దీని కారణంగా చుట్టుపక్కల రైతులు జామాయిల్, సుబాబుల్ తోటలు పెంచుతున్నారు. భూమిని దున్ని మొక్కలు నాటి పెంచిన ఈ కర్ర అమ్మకం వ్యవసాయ ఆదాయం. ఆ తోటల కర్రను ఇతరుల వద్ద కొని కర్మాగారానికి అమ్మేవారిది వ్యాపార ఆదాయం.

మొక్కల పెంపకం: పెరటిలో నారు, అంట్లు పెంచి అమ్మేవారికి 2009-10 మదింపు సంవత్సరం నుండి ఒక స్పష్టత వచ్చింది. నర్సరీలో పెంచిన నారు, మొక్కల ఆదాయాన్ని వ్యవసాయ ఆదాయంగానే భావించాలని చట్టంలో వివరణ చేర్చబడింది. కడియం వంటి చోట్ల నుండి కుండీ మొక్కలు కొని తెచ్చి, అలాగే తిరిగి అమ్మితే మాత్రం అది వర్తకం.

తేనె: పెట్టెలలో తేనెటీగలను పెంచడం గాని, అడవిలో పట్టు తేనె తీయడం గాని వ్యవసాయం కాదు. రెంటిలోనూ భూమిని సాగు చేయడం లేదు. నాలుగు పెట్టెలు ఉంచుకొని, ఇంటి అవసరానికి మించిన తేనెను ఇరుగుపొరుగు వారికి అమ్మితే ఆ కొద్దిపాటి సొమ్ము ఇతర ఆధారాల కిందికి వస్తుంది. నలభై పెట్టెలు పెట్టి, సీసాలకు పేరు అంటించి, దుకాణాలకు వేస్తే అది వ్యాపారం. పెట్టెల సంఖ్యకు చట్టంలో హద్దు లేదు. మారినది పని సాగే తీరు.

చిన్నతరహా అటవీ ఉత్పత్తులు: తునికాకు, ఇప్పపువ్వు, తపసి బంక, చింతపండు, కుంకుడు కాయలు వంటివి అడవి నుండి సేకరించి గిరిజన సహకార సంస్థకు, సంతలలో అమ్ముతారు. అడవిలో దానంతట అది పెరిగినది కనుక ఇది వ్యవసాయ ఆదాయం కాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఈ ఉత్పత్తులపై అడవిలో నివసించేవారికి యాజమాన్య హక్కు ఇచ్చింది గాని, పన్ను గురించి చెప్పలేదు. సేకరించే కుటుంబాల వార్షిక రాబడి పన్ను పరిమితికి చాలా దిగువన ఉంటుంది కాబట్టి వారికి పన్ను పడదు. తునికాకును టోకున కొనే గుత్తేదారుల వద్ద మాత్రం అమ్మకం సమయంలోనే పన్ను వసూలు చేసే పద్ధతి 1988 నుండి ఉన్నది.

వెదురు పనులు: కొండరెడ్లు బుట్టలు, చేటలు, తడికలు అల్లడంలో నేర్పరులు. సొంత వాడుకకు అల్లినది ఆదాయమే కాదు. సంతకు తెచ్చి అమ్మినది తయారీ, కనుక వ్యాపారం. అయినా అమ్మకాలు కొద్దిగా ఉన్నంతవరకు పన్ను శూన్యం.

షెడ్యూల్డు తెగల మినహాయింపు

షెడ్యూల్డు తెగల వారికి ఆదాయపు పన్ను లేదనే అభిప్రాయం ఈ ప్రాంతంలో వినిపిస్తుంటుంది. సెక్షన్ 10(26) కింద మినహాయింపు ఉన్న మాట నిజమే. అయితే అది నాగాలాండ్, మణిపూర్, త్రిపుర, అరుణాచల్ ప్రదేశ్, మిజోరం, లడఖ్‌లలోను, ఆరవ షెడ్యూలులోని గిరిజన ప్రాంతాలలోను నివసించే ఆదివాసులకు, అక్కడ కలిగిన ఆదాయానికి వర్తిస్తుంది. భద్రాచలం ఏజెన్సీ ఐదవ షెడ్యూలు ప్రాంతం. ఇక్కడి ఆదివాసీ ఉద్యోగికి, వ్యాపారికి ఇతరులతో సమానంగా పన్ను ఉన్నది. ఈ భ్రమతో రిటర్నులు దాఖలు చేయనివారు తరువాత నోటీసు వచ్చినప్పుడు ఇబ్బంది పడే అవకాశం ఉంది.

సరిహద్దు, వస్తు సేవల పన్ను

ఆదాయపు పన్ను కేంద్రానిది కనుక సరిహద్దుకు ఇరువైపులా ఒకటే. వస్తు సేవల పన్ను (జి.ఎస్.టి.) విషయంలో అలా కాదు. 2017 నాటి కేంద్ర వస్తు సేవల పన్ను చట్టంలో వ్యాపారం నిర్వచనం మరింత విశాలమైనది. ధనలాభం ఉన్నా లేకున్నా, పని తరచుగా జరిగినా జరగకున్నా అది వ్యాపారమే కావచ్చునని ఆ చట్టం చెబుతున్నది. కనుక ఇక్కడ అభిరుచి అనే వాదనకు బలం తక్కువ. చిన్నవారిని కాపాడేది నమోదు పరిమితి మాత్రమే.

వస్తువులు మాత్రమే అమ్మేవారికి ఆంధ్ర ప్రదేశ్‌లో ఈ పరిమితి ఏడాదికి రూ. 40 లక్షలు. తెలంగాణ రూ. 20 లక్షల పరిమితినే కొనసాగించింది. అందువలన ఒకే రకమైన వస్తువును ఒకే మోతాదులో అమ్మే ఇద్దరిలో, భద్రాచలంలో ఉన్నవారు నమోదు చేసుకోవలసి రావచ్చును, ఎటపాకలో ఉన్నవారికి ఆ అవసరం లేకపోవచ్చును. సేవలకు రెండు రాష్ట్రాలలోనూ పరిమితి రూ. 20 లక్షలే. పన్ను లేని వస్తువులు మాత్రమే అమ్మేవారు, సొంత సాగు పంటను అమ్మే రైతులు నమోదు చేసుకోనక్కరలేదు.

మరొక చిక్కు కూడా ఉన్నది. పన్ను పడే వస్తువులను ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి పంపి అమ్మేవారు, అమ్మకాలు ఎంత తక్కువైనా, సాధారణంగా నమోదు చేసుకోవాలి. భద్రాచలంలో తయారు చేసి నాలుగు అడుగుల దూరంలోని ఎటపాకకు పంపినా అది అంతర్రాష్ట్ర సరఫరాయే. నోటిఫికేషనులో పేర్కొన్న హస్తకళా వస్తువులకు, శాశ్వత ఖాతా సంఖ్య (పాన్) ఉండడం వంటి షరతులకు లోబడి, ఈ నియమం నుండి సడలింపు ఇవ్వబడింది. చేతివృత్తుల వారు దీనిని తెలుసుకొని ఉండడం మంచిది.

సేకరణలు, బహుమతులు

నాణేలు, చిత్రాలు, పురావస్తువుల సేకరణ అభిరుచులలో ప్రసిద్ధమైనది. సొంతానికి వాడుకొనే వస్తువులు మూలధన ఆస్తి కావు. వాటిని అమ్మితే వచ్చే లాభానికి పన్ను లేదు. అయితే ఆభరణాలు, పురావస్తు సేకరణలు, చిత్రాలు, శిల్పాలు, ఇతర కళాఖండాలు ఇంటిలో ఉంచుకొన్నవైనా మూలధన ఆస్తులే అని చట్టం చెబుతున్నది. వీటిని అమ్మితే మూలధన లాభం లెక్కించాలి. పూజలో ఉంచిన బంగారు నాణేలు, వెండి కడ్డీలు సొంత వాడుక వస్తువులు కావని మహారాజా రాణా హేమంత్ సింగ్‌జీ కేసులో (1976) సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది.

కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ప్రజాప్రయోజనం దృష్ట్యా ఇచ్చే పురస్కారాలకు సెక్షన్ 10(17ఎ) కింద మినహాయింపు ఉన్నది. రామదాసు కీర్తనలు పాడే గాయకునికి సభలలో ఇచ్చే పారితోషికం పురస్కారం కాదు, పాడినందుకు ఇచ్చిన ప్రతిఫలం. ఏడాదికి ఒకటి రెండు సభలైతే ఇతర ఆధారాల కింద, ఎడతెగకుండా సాగితే వృత్తి ఆదాయం కింద చూపడం పద్ధతి.

గ్రంథరచన వలన వచ్చే రాయల్టీకి, పాత పన్ను విధానం ఎంచుకొన్నవారికి, షరతులకు లోబడి సెక్షన్ 80క్యూక్యూబి కింద రూ. 3 లక్షల వరకు తగ్గింపు ఉన్నది. పాఠ్యపుస్తకాలకు ఇది వర్తించదు.

ఇతర దేశాలలో

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1969లో ఈ విషయమై ప్రత్యేకంగా ఒక సెక్షన్ (183) చేర్చారు. ఐదు సంవత్సరాలలో మూడింట లాభం వస్తే ఆ పని లాభం కోసమేనని భావిస్తారు. గుర్రాల పెంపకం, పందేలకు ఏడు సంవత్సరాలలో రెండింట లాభం వస్తే చాలు. మిగతా సందర్భాలలో తొమ్మిది లక్షణాలను పరిశీలిస్తారు. అభిరుచి అని తేలితే రాబడికి పన్ను ఉంటుంది. ఖర్చులను తగ్గించుకొనే సౌకర్యం 2018 నుండి లేదు. అక్కడ స్థిరపడిన తెలుగువారు సంగీత, నృత్య పాఠశాలలు ఇంటివద్ద నడిపేటప్పుడు ఈ నియమం వర్తిస్తుంది.

బ్రిటనులో 1955 నాటి రాయల్ కమిషన్ వర్తకానికి ఆరు గుర్తులు పేర్కొన్నది. 2017 ఏప్రిల్ నుండి అక్కడ ఏడాదికి 1,000 పౌండ్ల వరకు చిన్న వర్తక రాబడికి పన్ను లేదు. భారతదేశంలో అటువంటి ప్రత్యేక మినహాయింపు గాని, సంవత్సరాల లెక్క గాని లేదు. పందెపు గుర్రాల పోషణలో వచ్చే నష్టాన్ని మాత్రం అదే ఆదాయంలో తప్ప వేరే ఆదాయంలో సర్దరాదని సెక్షన్ 74ఎ నిర్దేశించింది. ఖరీదైన ఒక సరదా విషయంలో చట్టమే గీత గీసిన సందర్భమిది.

లెక్కల నిర్వహణ

వివాదం వచ్చినప్పుడు మాటకంటె కాగితానికి విలువ ఎక్కువ. అభిరుచి ద్వారా కొద్దిపాటి రాబడి వచ్చేవారు కూడా ఈ క్రింది జాగ్రత్తలు తీసుకోవడం ఉపయోగకరం.

1. వచ్చిన సొమ్ము, తేదీ, ఎవరి నుండి, దేనికి అన్నది ఒక నోటు పుస్తకంలో వ్రాయడం.
2. ఇంటి ఖర్చును, ఆ పనికై చేసిన ఖర్చును వేరుగా ఉంచడం, రశీదులు దాచడం.
3. సాగు చేసినట్లయితే పట్టాదారు పాసు పుస్తకం, విత్తనాలు, కూలి ఖర్చుల ఆధారాలు ఉంచడం.
4. ఒక సంవత్సరం ఒక శీర్షిక కింద, మరొక సంవత్సరం మరొక శీర్షిక కింద కారణం లేకుండా చూపకపోవడం.
5. పని పెరిగి వ్యాపారంగా మారితే, మారిన సంవత్సరం నుండే అలా చూపడం.

సాధారణమైన అపోహలు

"చిన్న మొత్తమైతే చూపనక్కరలేదు" అనేది ఒక అపోహ. కొత్త విధానంలో 2025-26 నుండి రూ. 4 లక్షల వరకు పన్ను లేదు. నివాసి అయిన వ్యక్తికి మామూలు రేట్లు వర్తించే ఆదాయం మొత్తం రూ. 12 లక్షల వరకు ఉంటే రిబేటు వలన పన్ను శూన్యమవుతుంది. అయితే ఈ పరిమితులు మొత్తం ఆదాయానికి సంబంధించినవి. పింఛను, వడ్డీలతో కలిపి లెక్కించేటప్పుడు అభిరుచి రాబడిని కూడా కలపాలి.

"ఆన్‌లైన్‌లో చెల్లింపు తీసుకోకపోతే వ్యాపారం కాదు" అనేది మరొకటి. చెల్లింపు విధానానికీ, పని స్వభావానికీ సంబంధం లేదు.

"అడవి నుండి వచ్చినదంతా వ్యవసాయమే" అనేది మూడవది. నాటినది వ్యవసాయం, ఏరినది కాదు.

"నష్టం వస్తే అది అభిరుచే" అనేది నాలుగవది. నిజాయితీగా నడిపిన వ్యాపారంలోనూ నష్టాలు వస్తాయి. నష్టం వచ్చినందువల్ల వ్యాపారం అభిరుచి కాదు, లాభం వచ్చినంత మాత్రాన అభిరుచి వ్యాపారమూ కాదు. పని జరిపిన తీరును బట్టి ఈ తేడా నిర్ణయమవుతుంది.